రెండువందల ఏడో సొరుగు

మన సంస్థ సమాచార నిర్మూలన విభాగాధిపతి గారు ఉద్యోగంలో చేరిన తేదీ 1988 ఆగస్టు ఒకటి, సోమవారం. ముప్పై ఆరేళ్ళ ఉద్యోగంలో ఆయన లెక్క తప్పింది ఒక్కసారే. దాని శిక్ష తూకం గది గుమాస్తా భార్యకు పడింది. చెయ్యని దొంగతనానికి ఆమె ఉద్యోగం పోయింది, పేరు పోయింది, ఆ తరువాత ప్రాణం పోయింది. ఇందులో ఇంకా తేల్చవలసింది ఏమీ లేదు. ఆయనే ఒప్పుకున్నారు.

ఆయన పదవీ విరమణ సన్మాన సంచికకు ఈ వ్యాసం రాస్తున్నది ఆ గుమాస్తాయే. అభినందన వ్యాసంలో 'నేను, నేను' అని రాసుకోవడం మర్యాద కాదు కనుక ఇందులో అతను కూడా మిగతావాళ్ళలాగే ఒక మనిషి. పెద్దవారి గొప్పతనం ఉన్నచోట ఉందని, లేనిచోట లేదని రాయడం జరుగుతుంది.

ఆయన చేరిన నాటికి మన సంస్థ అంటే రెండు రేకుల షెడ్లు, ఒక గేటు, ఒక తూకం. ఆఫీసుల్లో మూలపడ్డ టైపు మిషన్లు, తుప్పు పట్టిన బీరువాలు వచ్చేవి. ఇనుము ఇనుముకు, ఇత్తడి ఇత్తడికి పోయేవి. స్టోర్సు గుమాస్తాగా కుర్చీలో కూర్చున్న వారంలోపే ఆయన ఒక పద్ధతి పెట్టారు. లోపలికి వచ్చిన ప్రతి వస్తువుకూ ఒక నంబరు ఉండాలి, బయటికి పోయేటప్పుడు అదే నంబరు చెప్పాలి, రెండూ కలవకపోతే సాయంత్రం ఎవరూ ఇంటికి కదలకూడదు. "పాత ఇనుముకు కూడా బారసాల చేసేలా ఉన్నాడు ఈయన" అని షెడ్లో గొణుక్కున్నారు. ఒకరు నంబరు చదివితే ఆయన "ఇంకోసారి" అనేవారు. మళ్ళీ చదివాకనే టిక్కు పెట్టేవారు. నెల తిరక్కుండా ఆయనకు 'ఇంకోసారి గారు' అనే పేరు స్థిరపడింది. తెలిసినా ఆయన కోపం తెచ్చుకోలేదు.

ఆ తరువాతి దశాబ్దంలో ఆఫీసు కంప్యూటర్లు లారీలకొద్దీ రావడం మొదలైంది. ఆ రోజుల్లో తెరలు చిన్న బీరువాలంత ఉండేవి. ఆ తెర గాజులో సీసం ఉంటుందని, సుత్తితో పగలగొడితే ఆ పొడి ఊపిరితిత్తుల్లో కూర్చుంటుందని ఇక్కడ మొదట చెప్పింది ఆయనే. యాజమాన్యం నవ్వి ఊరుకుంది. ముసుగులూ చేతితొడుగులూ వచ్చేదాకా గాజు లారీని ఆయన గేటు దాటనివ్వలేదు. మూడు రోజులు లారీ బయటే ఉంది. డ్రైవరు లారీ నీడలో పడుకుని ఆయన వంశాన్నంతా తిట్టాడు. నాలుగో రోజు ముసుగులు వచ్చాయి. ఇవాళ యాభై దాటిన మనవాళ్ళు దగ్గు లేకుండా తిరుగుతున్నారంటే అది ఆయన చలవ. ఇది నిజం. కాబట్టి రాయాలి.

2003లో ఆయన ఆధ్వర్యంలో కొత్త విభాగం ప్రారంభమైంది. ఒక వ్యాపార సంస్థ తన పాత కంప్యూటర్లను వదిలించుకున్నప్పుడు వాటితో పాటు ఉద్యోగుల వివరాలు, రోగుల రహస్యాలు, ఖాతాదారుల సంతకాలు కూడా గేటు దాటిపోతాయనీ, తెర మీద చెరిపినంత మాత్రాన అవి లోపల చెరగవనీ, డిస్కును బయటికి తీసి, నంబరు చదివి, అయస్కాంతానికి పెట్టి, ఆపైన గోరంత ముక్కలుగా నుజ్జు చేసి, ఫలానా నంబరు ఫలానా తేదీన లేకుండా పోయిందని ధ్రువపత్రం ఇచ్చినప్పుడే యజమాని నిశ్చింతగా ఉండగలడనీ ఆయన ఎన్నో సంస్థల మెట్లెక్కి ఓపికగా బోధించారు. నుజ్జు యంత్రం వచ్చింది. షెడ్లో దాన్ని మిక్సీ అన్నారు. విభాగానికి కూడా మిక్సీ సెక్షన్ అనే పేరు పడింది. విడిభాగాలలో రాగి రాగికి, అల్యూమినియం అల్యూమినియానికి, ప్లాస్టిక్కు ప్లాస్టిక్కుకు పోతాయి. సమాచారం మాత్రం ఎక్కడికీ పోకూడదు.

ఆయన నియమపాలన ఎంతటిదో చెప్పే ముచ్చట ఒకటుంది. ఒకసారి తమ ఇంట్లో పాడైన కంప్యూటరును ఆయనే సంచిలో పెట్టుకుని తెచ్చారు, నంబరు వేశారు, డిస్కు తీసి మిక్సీలో వేశారు. సాయంత్రం ఆయన కూతురు ఫోను చేసింది.

"నాన్నా, మన కంప్యూటరేది?"

"పాడైంది కదమ్మా. పద్ధతి ప్రకారం చేసేశాం."

"అందులో నా పెళ్ళి ఫొటోలున్నాయి!"

"ధ్రువపత్రం ఇస్తానమ్మా" అన్నారు.

నిజంగానే రాసిచ్చారు. నంబరు, తేదీ, సంతకం, ముద్ర. ఆయన భార్య మూడు వారాలు మాట్లాడలేదు. ఆయన మధ్యాహ్నాలు క్యాంటీన్లో తిన్నారు. ఈ సంగతి షెడ్డంతా చెప్పుకుని నవ్వింది. అందరికంటే ఎక్కువ నవ్వింది అంకెలక్క.

అంకెలక్క అంటే తూకం గుమాస్తా భార్య. విడదీసే బల్ల దగ్గర పదేళ్ళకు పైగా పనిచేసింది. నంబర్లు చదవడం ఆమె పని. మిక్సీ తిరుగుతున్నా ఆమె గొంతు తూకం గది కిటికీ దాకా వినిపించేది. ఎనిమిదిని ఎప్పుడూ మూడు అనుకోలేదు, ఆరును సున్నా అనుకోలేదు. ఇంకోసారి గారు ఆమెను చెల్లెమ్మా అని పిలిచేవారు. ఆ వరసన గుమాస్తాను బావగారూ అనేవారు.

"సారూ, ప్రతిదీ రెండుసార్లంటారు. ఇంట్లో అన్నం కూడా రెండుసార్లు వడ్డించమంటారా?" అని ఆమె ఆటపట్టించేది.

"వడ్డించేవాళ్ళకి ఓపికుండాలి కదా చెల్లెమ్మా" అనేవారాయన.

2015 ఫిబ్రవరిలో ఒక పెద్ద ఆసుపత్రి తన పాత సర్వర్లను పంపింది. సర్వరంటే అడ్డంగా వరసగా సొరుగులున్న ఇనప పెట్టె. ఒక్కో సొరుగులో ఒక్కో డిస్కు ఉంటుంది. వాటిని లెక్కించడానికి ఆసుపత్రికి వెళ్ళింది ఇంకోసారి గారే. లారీకి సీలు వేసేదాకా సొరుగులు లాగకూడదని అక్కడివాళ్ళు అన్నారు. కింది అంతస్తు గది, ఒకటే లిఫ్టు, దాని కోసం రోగుల మంచాలు కాచుకుని ఉన్నాయి. త్వరగా కానిమ్మన్నారు. ఆయన సొరుగుల ముఖాలకు స్టిక్కర్లు అంటించుకుంటూ పోయారు. నాలుగువందల పన్నెండు. రెండోసారి లెక్కపెట్టలేదు, పట్టుబట్టి ఒక్క సొరుగైనా లాగి చూడలేదు. జీవితంలో ఆ ఒక్కరోజు ఆయన తొందరపడ్డారు.

మూడో రోజు విడదీసే బల్ల దగ్గర ఆమె సొరుగు లాగి, డిస్కు తీసి, నంబరు చదువుతోంది. ఆయన టిక్కు పెడుతున్నారు. రెండువందల ఆరు అయ్యాక ఆయనకు మేనేజరు నుంచి ఫోనని పిలుపు వచ్చింది. ఇద్దరిలో ఒకరు లేచి వెళ్తే రెండోవారు పని ఆపాలన్నది ఆయన పెట్టిన నియమమే. ఆమె ఆపలేదు. ఇంకా సగం పని ఉంది, చెయ్యి జోరు మీద ఉంది. తరువాతి సొరుగు లాగింది. ఇది ఆమె చేసిన పొరపాటు. దీన్ని దాచడం లేదు.

ఆయన తిరిగి వచ్చేసరికి చెప్పింది. "సారూ, రెండువందల ఏడు ఖాళీ."

"ఖాళీ ఏంటమ్మా?"

"లోపల డిస్కు లేదు. అసలు డిస్కు పెట్టే చోటే లేదు. ఊరికే ప్లాస్టిక్కు."

"స్టిక్కరు నేనే అంటించా. ఖాళీదానికి అంటిస్తానా? ఆ సొరుగేది?"

"ప్లాస్టిక్కు డబ్బాలో వేశా."

డబ్బా అప్పటికే మిక్సీలోకి వెళ్ళిపోయింది. పని త్వరగా సాగాలని డబ్బా నిండగానే ఒంపెయ్యడం అలవాటు. బయటికి లాగాక ఆ సొరుగును ఆమె చెయ్యి తప్ప ఇంకో చెయ్యి తాకలేదు, దాని లోపలికి ఆమె కళ్ళు తప్ప ఇంకెవరి కళ్ళూ చూడలేదు.

వెతికారు. షెడ్డు ఊడ్చారు. సంచులు విప్పించారు. డిస్కులు నాలుగువందల పదకొండే తేలాయి. రోగుల వివరాలున్న డిస్కు పోయిందంటే ఆసుపత్రి ఊరుకోదు. ఎవరో ఒకరు బాధ్యులు కావాలి. వారం రోజుల్లో విచారణ ముగిసింది. "ఆమె తీసి ఉంటుందా?" అని కమిటీ ఇంకోసారి గారిని అడిగింది. "నాకు తెలియదు" అన్నారాయన. తీసి ఉండదు అని కూడా అనవచ్చు. పదేళ్ళు ఎదురుగా కూర్చున్న మనిషి గురించి ఆ మాట చెప్పడానికి సాక్ష్యం అక్కర్లేదు. కానీ చూడనిదాన్ని ఆయన చెప్పరు. నియమం. 'లోపల డిస్కు అమర్చే చోటే లేదన్న ఆమె వాదన నమ్మశక్యంగా లేదు' అని నివేదికలో రాసి ఆమెను తొలగించారు.

షెడ్లో మాటలు మొదలయ్యాయి. నిప్పు లేందే పొగ రాదన్నారు. "గొంతు పెద్దది, చెయ్యీ పెద్దదే" అన్నారు. అన్నవాళ్ళు ఈ సంచిక చదువుతారు. చదవాలి.

ఇక్కడ గుమాస్తా గురించి కూడా ఒక సంగతి రాయాలి. ఒకరి తప్పు రాస్తూ తన తప్పు మింగడం న్యాయం కాదు. తొలగింపు కాగితం వచ్చిన సాయంత్రం అతను ఇంట్లో భార్యను అడిగాడు. "పొరపాటున నీ సంచిలోగాని పడిందేమో, ఒకసారి చూడరాదూ?"

ఆమె చూడలేదు. సంచి తీసుకొచ్చి మంచం మీద బోర్లించింది. టిఫిను డబ్బా, దువ్వెన, కళ్ళజోడు పెట్టె, తలనొప్పి మాత్రలు, బస్సు పాసు.

"చాలా? ఇంకా ఏమన్నా విప్పాలా?" అంది.

అంతకు ముందు రోజూ పొద్దున అతను గడ్డం గీసుకుంటుంటే ఆమె పేపరు పైకి చదివేది. ఆ మర్నాటి నుంచి ఆమె దేన్నీ పైకి చదవలేదు. అతను రెండుసార్లు అడిగాడు. కళ్ళు లాగుతున్నాయంది.

దొంగ అని రాసిన కాగితం పట్టుకుని ఏ షెడ్డుకు వెళ్ళినా పని ఇవ్వరు. ఏడాది తిరిగేసరికి మూత్రపిండాలు చెడ్డాయి. ఆసుపత్రి మంచం మీద నుంచి ప్రతి వారం ఒకటే ప్రశ్న అడిగేది. "నా సంగతి ఏమైనా తేలిందా? సారు ఏమన్నా అన్నారా?" ఏమీ అనలేదని గుమాస్తా చెప్పేవాడు.

2016 ఆగస్టులో ఇంకోసారి గారు ఆమెను చూడటానికి వచ్చారు. పళ్ళు తెచ్చారు. పది నిమిషాలు కూర్చున్నారు. వానలు లేవన్నారు, ఎండ తగ్గడం లేదన్నారు. లేచి వెళ్ళిపోయారు. ఆయన వెళ్ళాక ఆమె చాలా రోజుల తరువాత దిండు మీద లేచి కూర్చుంది.

"సారు వచ్చారు చూశావా? దొంగననుకుంటే వస్తారా? నన్ను నమ్మినట్టేగా" అంది.

ఆ రోజు ఒక పండు మొత్తం తింది. నవంబరులో చనిపోయింది.

ఈ ఏడాది పదవీ విరమణకు రెండు నెలల ముందు ఇంకోసారి గారు తూకం గదికి వచ్చారు. కాలం తీరిన పాత ఫైళ్ళను మనమే మన మిక్సీలో వేస్తాం కదా, ఆ జాబితా ఆయన చేతిలో ఉంది. ఆమె విచారణ ఫైలు అందులో ఉంది. రెండో చేతిలో ఉన్నదాన్ని చిన్న తూకం మీద పెట్టారు. నల్లటి ప్లాస్టిక్కు సొరుగు. గుమాస్తా అలవాటు కొద్దీ అంకె చూశాడు. తొంభై గ్రాములు.

"ఇదేంటి?"

"డమ్మీ. డిస్కు లేనిచోట ఖాళీ మూయడానికి పెడతారు. ముందు నుంచి చూస్తే అసలుదానిలాగే ఉంటుంది. లాగితే లోపల ఏమీ ఉండదు. డిస్కు పెట్టే చోటే ఉండదు."

గుమాస్తా దాన్ని తిప్పి చూశాడు. ఆమె చెప్పింది చెప్పినట్టే ఉంది.

"ఎక్కడ దొరికింది?"

"అదే ఆసుపత్రి నుంచి రెండో లారీ వచ్చింది కదా, అందులో. ఇవి మూడున్నాయి. ఆ రెండువందల ఏడు కూడా ఇదే. పోయిన డిస్కంటూ ఏదీ లేదు. నేను లెక్కపెట్టిందే తప్పు."

"రెండో లారీ వచ్చి ఎన్నేళ్ళయింది?"

"రెండువేల పదహారు. ఏప్రిల్లో."

"ఏప్రిల్లో ఆమె బతికే ఉంది."

"ఉంది."

"మీరు పళ్ళు తెచ్చింది ఆగస్టులో."

"అవును బావగారూ."

"గుమాస్తా అనండి."

ఆయన నిలబడే చెప్పారు. కూర్చోమని ఎవరూ అనలేదు. ఏప్రిల్లోనే మేనేజరు దగ్గరికి రెండుసార్లు వెళ్ళారట. "ఇప్పుడు లెక్కే తప్పని ఒప్పుకుంటే ఆసుపత్రివాళ్ళు మన పాత ధ్రువపత్రాలన్నీ తవ్వుతారు. దిద్దమని ఆర్డరు నేనిస్తా, అప్పటిదాకా నోరు మెదపకండి" అన్నాడట మేనేజరు. ఆర్డరు రాలేదు. ఇంకోసారి గారు ఎదురుచూస్తూ ఉండిపోయారు. మేనేజరు మారాడు. ఏళ్ళు గడిచాయి.

"ఆర్డరు లేకుండా రికార్డు ముట్టుకోకూడదు కదా" అన్నారు.

"రికార్డు ఎవరు ముట్టుకోమన్నారు? మంచం మీదున్న మనిషికి ఒక్క మాట చెప్పడానికి ఆర్డరెందుకు?"

ఆ రోజు ఆసుపత్రిలో చెప్పాలనే వచ్చారట. ఆమె ముఖం చూశాక నోరు పెగల్లేదట. గుమాస్తా నమ్మాడు. నమ్మితే మాత్రం ఏమిటి?

ఇద్దరూ కలిసి కొత్త మేనేజరు దగ్గరికి వెళ్ళారు. ఆ ఫైల్లో ఒక్క వాక్యం చేర్చమని, ఆమె నిర్దోషి అని రాయమని అడిగారు. కొత్తాయన చిన్నవాడు, మర్యాదస్తుడు. ఇద్దరికీ కుర్చీలు వేయించాడు.

"పాపం, అర్థమైందండీ. కానీ శుక్రవారం ఆ ఫైలు ఎలాగూ మిక్సీలో పోతుంది కదా. రాసినా రాయకపోయినా ఒకటే. పోయినావిడకి ఇప్పుడేం తేడా?"

"రాసి మిక్సీలో వెయ్యండి" అన్నాడు గుమాస్తా.

"మూసిన ఫైలు తెరవడానికి పైనుంచి అనుమతి రావాలండీ. శుక్రవారంలోపు రాదు."

శుక్రవారం ఫైళ్ళు నలిగాయి. ఆ కాగితపు పొట్టు మూటలు తూచింది గుమాస్తాయే. పెద్ద తూకంలో కిలో కంటే తక్కువ తేడా కనబడదు. ఆమె ఫైలు అంత బరువు కూడా ఉండదు. దొంగ అన్న మాట అందరి నోళ్ళలో ఉంది. కాదని రాయడానికి కాగితం కూడా మిగల్లేదు.

ఈ సంచిక సంఘం వాళ్ళు వ్యాసం రాయమని మొదట లెక్కల విభాగం పెద్దాయన్ని అడిగారు. ఇంకోసారి గారు వద్దన్నారు. మళ్ళీ తూకం గదికి వచ్చారు.

"మీరే రాయాలి. జరిగింది జరిగినట్టు."

"సన్మాన సంచికలోనా?"

"ఈ ఆఫీసులో మిక్సీ జాబితాకెక్కని కాగితం ఇదొక్కటే. ఇంటింటికీ పోతుంది. వెనక్కి తెప్పించడం ఎవరి వల్లా కాదు."

"మీ భార్య చదువుతుంది. మీ అమ్మాయి చదువుతుంది. అల్లుడు చదువుతాడు."

"చదవనివ్వండి."

"ఇంత చేస్తే క్షమిస్తాననుకుంటున్నారా?"

"లేదు."

"మంచిది. క్షమించను."

ఆయన తల ఊపారు. సంచిక సంఘం వాళ్ళతో ఆయనే మాట్లాడారు, ఒక్క అక్షరం తీసినా సభకు రానన్నారు. అచ్చుకు పోయే ముందు ఈ కాగితాలు ఆయనకు చూపించడం జరిగింది. ఆయన చదివారు. మొదటి నుంచీ మళ్ళీ చదివారు. ఒక్కచోట మాత్రం దిద్దారు. రెండో లారీలో డమ్మీలు మూడు కాదు, నాలుగు అన్నారు. సంభాషణలో ఆయన అన్న మాట గనుక అక్కడ మూడు అలాగే ఉంచి, సరైన లెక్క ఇక్కడ రాయడమైనది. కింద సంతకం చేశారు. ముప్పై ఆరేళ్ళు పెంచుకున్న గౌరవాన్ని సభ మధ్య తన చేత్తోనే కింద పెట్టుకోవడం ధైర్యమే. ఎనిమిదేళ్ళు ఆలస్యంగా వచ్చిన ధైర్యం. చేతులు కాలాక పట్టుకున్న ఆకులు. పైగా కాలినవి ఆయన చేతులు కావు.

కాబట్టి చదువరులందరికీ తెలియజేయడమేమనగా, విడదీసే బల్ల దగ్గర నంబర్లు చదివిన అంకెలక్క ఏమీ తియ్యలేదు. ఆమె సత్యం చెప్పింది. మనం నమ్మలేదు. మనం అన్నదాంట్లో ఆమె భర్త కూడా ఉన్నాడు.

పదవీ విరమణ అనంతరం మాన్యులకు సంపూర్ణ ఆరోగ్యం, దీర్ఘాయుష్షు కలగాలని ఈ వ్యాసం మనస్ఫూర్తిగా కోరుతోంది. చూపు మందగించకూడదు, నడక తగ్గకూడదు. మతిమరుపు అసలే రాకూడదు. ఆమె బతకవలసిన ఏళ్ళు కూడా కలుపుకుని ఆయన బతకాలి. మనవలతో ఆడుకోవాలి, కడుపునిండా తినాలి, ఆగస్టు నెల వచ్చిన ప్రతిసారీ ఆ పది నిమిషాలు తలుచుకోవాలి. ఇది శాపమని ఎవరైనా అనుకుంటే అనుకోవచ్చు. ఇంతకంటే మంచి కోరిక ఇది రాసిన చేతికి రాదు.

సభ రోజున తూకం గుమాస్తా వెనక వరసలో కూర్చుంటాడు. ప్రసంగించమని పిలవవద్దు. ఓదార్చడానికి గాని, క్షమాపణ చెప్పడానికి గాని ఎవరూ తూకం గదికి రావద్దు. అతను రాయవలసింది రాశాడు. ఈ సంగతి గురించి ఇక ఎవరితోనూ, ఆయనతో కూడా, బతికినంత కాలం మాట్లాడడు.